గంత కట్టినవాడు గీత చూడరాదు

పోయిన వారం వదినని మనం రెండు తలుపుల గదిలో, తెరిచిన నోరు తెరిచినట్టే వదిలేసి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ నోరు మూతపడలేదు. ముందు ఆ సంగతి చూద్దాం.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వదిన పరమాణు గడియారాల ల్యాబులో సీనియరు శాస్త్రవేత్త. ఆమెని వదినా అని పిలిచే హక్కు లెక్కప్రకారం ఒక్క మనిషికే ఉంది, ఆమె భర్త చెల్లెలికి. కానీ ఆ చెల్లెలు కూడా అదే ల్యాబులో చేరి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి "వదినా!" అని కేకలేస్తూ తిరగడంతో పెద్దసారని పిలిచే డైరెక్టరు దగ్గర్నుంచి అందరికీ ఆమె వదినే అయి కూర్చుంది. కేకలేసే ఆ ఆడపడుచుని ఇంట్లోవాళ్ళు పిచ్చుక అంటారు. చిన్నప్పుడు పెట్టిన పేరు. నలభై దాటినా ఆ కిచకిచ తగ్గలేదు కాబట్టి పేరూ మారలేదు.

ఇద్దరికీ చెరొక గడియారం. వదిన గడియారంలో ఒకే ఒక్క పరమాణువు, విద్యుత్తుతో అల్లిన బోనులో బందీగా ఉంటుంది. పిచ్చుక గడియారంలో వేల పరమాణువులు, లేజరు వెలుగుతో చేసిన గుంటల్లో, అట్టపెట్టెలో గుడ్లు సర్దినట్టు కూర్చుని ఉంటాయి. రెండూ నిక్కచ్చి గడియారాలే. అయితే వెలుగుకీ పదార్థానికీ మధ్య పట్టు ఎంత గట్టిదో చెప్పే అంకె ఒకటుంది. దాన్ని స్థిరాంకం అంటారు, అంటే అది మారదని ముందే పేరు పెట్టేసుకున్నారు. నిజంగా మారదా అన్నదే వీళ్ళ ప్రశ్న. అది రవ్వంత మారినా వదిన పరమాణువు టిక్కు మారుతుంది, పిచ్చుక పరమాణువుల టిక్కు దాదాపు మారదు. కాబట్టి రెండు గడియారాల్నీ ఏళ్ళ తరబడి పోల్చి గ్రాఫు గీస్తే, ఆ గీత ఎటు వాలిందో అదే జవాబు.

ఇక్కడే ఒక చిక్కుంది. మనిషన్నవాడు తనకి నచ్చిన జవాబు వైపు లెక్కని లాగుతాడు. కావాలని కాదు, తెలియకుండానే. అందుకని ఈ ల్యాబులో మనుషుల కళ్ళకి గంతలు కట్టే బదులు జవాబుకే గంత కట్టేస్తారు. ఒక మనిషి తన మనసులో ఒక అంకె అనుకుని, ఎవరికీ చెప్పకుండా దాన్ని కంప్యూటరులో కలిపేస్తాడు. అప్పట్నుంచి గీత ఎంత వాలినా అందులో అసలు ఎంతో, గంత ఎంతో ఎవరికీ తెలియదు. ఆఖరి రోజున ఆ అంకె బయటపెట్టి తీసివేస్తారు. సున్నా మిగిలితే స్థిరాంకం స్థిరమే. మిగలకపోతే భౌతికశాస్త్రం పుస్తకాలు మళ్ళీ రాసుకోవాలి. ఈ పద్ధతికి ల్యాబులో ఒకటే సూత్రం: గంత కట్టినవాడు గీత చూడరాదు, గీత చూసేవాళ్ళకి గంత తెలియరాదు.

గంత కట్టినవాడు ఎవరంటే వదిన మొగుడే. అంటే పిచ్చుక అన్నయ్య. గణాంకాల మనిషి, మితభాషి, అందరూ లెక్కలాయన అంటారు. ఏడేళ్ళుగా ఆ అంకె ఆయన కడుపులోనే ఉంది. ఈ రోజు సాయంత్రం అది బయటికి రావాలి.

పొద్దుట్నుంచీ ఆఖరి రన్, అంటే ఆఖరి విడత కొలత, నడుస్తోంది. రన్ నడిచినంతసేపూ ఒకదాని వెనక ఒకటున్న ఆ రెండు తలుపులూ తీయకూడదు. తీస్తే గదిలో వేడి మారుతుంది, అంతకన్నా ముందు లేజర్లు వాటంతటవే ఆగిపోతాయి. ఎవరి కళ్ళూ పోకుండా పెట్టిన ఏర్పాటు అది. వదినా పిచ్చుకా లోపల చెరొక స్టూలు మీద, కదిలితే ఒంటివేడి పరమాణువులకి తగులుతుందేమో అన్నట్టు బిగుసుకుని కూర్చుని ఉన్నారు. వదిన ఊరికే గోళ్ళు కొరుకుతుంటే చూడలేక పిచ్చుక ఓదార్పుగా అంది: "పదిహేడు పోతే మిగిలేది సున్నాయే కదా వదినా. ఎందుకంత కంగారు?"

ఆ మాటకే వదిన నోరు తెరుచుకుంది. ఇక చదవండి.

"ఏమన్నావ్?" అంది వదిన.

"ఏమన్నాను?" అంది పిచ్చుక.

"పదిహేడు అన్నావ్."

"అన్నానా? ఏదో మాటవరసకి..."

"మాటవరసకి పది అంటారు, వంద అంటారు. పదిహేడు అని ఎవరూ అనరు."

పిచ్చుక చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ సామెత పుట్టించినవాడు ఈ మనిషిని చూసే పుట్టించి ఉండాలి. అది గమనించుకుని చెయ్యి కిందికి దించింది గానీ, ఏం చెయ్యాలో తోచక ఒళ్ళో రెండు చేతులూ కట్టుకుంది.

వదిన కిటికీ వైపు చూసింది. గది గోడలో దళసరి అద్దం ఒకటుంది, అవతల కంట్రోలు రూము. లెక్కలాయన అక్కడే కూర్చుని ఉన్నాడని తెలుసు. అద్దానికి లోపలివైపు నల్లటి తెర. గీత చూడకూడని మనిషి అవతల ఉన్నాడు కాబట్టి పొద్దున్నే తనే స్వయంగా ఆ తెర లాగి, సందు లేకుండా సర్దింది.

నిజానికి ఆమెకి ముందు గుర్తొచ్చింది స్థిరాంకం కాదు, మొగుడు. మొదటి ఏడాదిలో ఒకసారి వంటింట్లో కాఫీ కలుపుతూ, "నా ఒక్కదానికైనా చెప్పరా ఆ అంకె?" అని నవ్వుతూ అడిగింది. ఆయన నవ్వలేదు. "చెబితే నాకు మిగులుతావు గానీ ల్యాబుకి మిగలవు" అన్నాడు. ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే, పదిమందికీ చెప్పుకుని మురిసిపోయింది. నా మొగుడు ఎంత నిప్పులాంటి మనిషో చూడండి అని. అలాంటిది చెల్లెలికి చెప్పాడు. పెళ్ళాం దగ్గర నిప్పు, చెల్లెలి దగ్గర నీళ్ళు. ఇంతకాలం ఊళ్ళో గొప్పలు చెప్పుకు తిరిగిన తన మొహం తనకే గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"ఎప్పుడు చెప్పాడు మీ అన్నయ్య?"

"వదినా, నువ్వు అనుకున్నట్టు కాదు..."

"ఎప్పుడు?"

పిచ్చుక తలుపు వైపు చూసింది. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. మామూలు రోజున అయితే ఇలాంటి సమయంలో ఏదో పని గుర్తొచ్చిందని తుర్రున ఎగిరిపోయేది. ఈ రోజు ఎగరడానికి లేదు. నాలుగు గోడలు, రెండు తలుపులు, ఎదురుగా వదిన.

"మూడేళ్ళ కిందట," అంది చివరికి. "నా గడియారం పిచ్చెక్కినట్టు తిరిగిందే, ఆ నెల. పెద్దసారు అందరి ముందూ ఏమన్నాడో గుర్తుందిగా నీకు? ఇది ఇలాగే ఉంటే మూట కట్టేసి గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. తిండి లేదు, నిద్ర లేదు. అన్నయ్య ఇంటికొచ్చాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను వదినా. నా గడియారం దారిలో ఉందో లేదో ఒక్క ముక్క చెప్పు చాలు అన్నాను. చాలాసేపు కూర్చున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, 'పదిహేడు. ఇక పడుకో' అన్నాడు."

"పడుకున్నావా?"

"హాయిగా," అంది పిచ్చుక. అని, ఆ మాట అననట్టయితే బాగుండునన్నట్టు పెదవి కొరుక్కుంది.

వదిన చూపు తన గడియారం వైపు మళ్ళింది. గది మధ్యలో బల్లమీద నల్లబట్ట కప్పిన ఉక్కు గోళం. ఆ గోళంలో బోను, బోనులో ఆమె పరమాణువు. కెమెరా దాన్ని మానిటరు మీద చిన్న నీలి చుక్కగా చూపిస్తోంది. ఎనిమిది నెలలుగా అదే పరమాణువు, జారిపోకుండా, ఆరిపోకుండా. సొంత పిల్లలకి కూడా అంత కాపలా కాయలేదని అత్తగారు దెప్పుతూ ఉండేవారు.

"ఒట్టు వదినా, నేను ఒక్క అంకె కూడా మార్చలేదు," అంది పిచ్చుక. "తెలుసుకున్నాను, అంతే. తెలిసినంత మాత్రాన గడియారం మారుతుందా? పరమాణువులకి ఏం తెలుసు, నాకు తెలుసని?"

"పరమాణువులకి తెలియదు. సరే, నేనొకటి అడుగుతాను, చెప్పు. ఈ మూడేళ్ళలో నువ్వు కొట్టేసిన రోజులున్నాయి కదా, లెక్కలోంచి తీసేసినవి. ఎందుకు తీసేశావ్?"

"ఎందుకేమిటి? ప్రతిదానికీ కారణం ఉంది. ఒకరోజు ఏసీ సరిగ్గా లేదు. ఒకరోజు పక్క బిల్డింగులో లిఫ్టు బాగుచేస్తూ ఏదో మోటారు తిప్పారు, అయస్కాంతం తేడా వచ్చింది. ఇంకోరోజు అద్దం మీద దుమ్ము. కారణం లేకుండా ఒక్కరోజు కూడా తీయలేదు."

"ఆ ఏసీ సరిగ్గా లేదని ఎలా తెలిసింది నీకు?"

"చూశాను."

"ఎందుకు చూశావ్?"

పిచ్చుక చూపు గ్రాఫు మీదికి పోయి అక్కడే ఆగింది.

"ఆ రోజు అంకె పదిహేడుకి దూరంగా పోయింది, అందుకని వెతికావ్. అంతేనా?" అంది వదిన. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "అంకె పదిహేడు మీద చక్కగా కూర్చున్న రోజున ఏసీ చూశావా? లిఫ్టు ఆడుతోందా అని కనుక్కున్నావా?"

"ఆ రోజుల్లో... అంతా బాగానే ఉంది కదా అని..."

"కాఫీకి పోయావ్."

"పోయాను," అంది పిచ్చుక చిన్నగా.

"అదే నీ తప్పు. నచ్చని రోజున కోడిగుడ్డుకి ఈకలు పీకావ్. నచ్చిన రోజున కోడికి ఈకలున్నాయో లేదో కూడా చూడలేదు. అబద్ధం ఆడలేదు నువ్వు. అంకె దిద్దలేదు. ఊరికే ఒక పక్కనే వెతికావ్. ఒక పక్కనే వెతికితే ఏ గీతైనా వంగుతుంది."

ఈ మాట అంటూనే వదినకి జాలి వేసింది. ఎందుకంటే ఇలాంటి తప్పు దొంగలు చేసేది కాదు. శ్రద్ధ ఉన్నవాళ్ళు చేసేది. పిచ్చుక బద్ధకస్తురాలైతే ఇది జరిగేదే కాదు. ఆ రోజుల్లో తెల్లారకముందే వచ్చి, అద్దాలన్నీ తుడుచుకుంటూ, తప్పు దొరికిందని వరండాలో ఎగురుకుంటూ వచ్చి చెప్పిన మనిషి తనకి బాగా గుర్తుంది. శభాష్ అన్నది కూడా తనే.

పిచ్చుక ఏడవడం మొదలెట్టింది. శబ్దం లేకుండా, కదలకుండా. ఏడుస్తూ కూడా రన్ పాడవకూడదన్న జాగ్రత్త పోలేదు ఆ పిల్లకి.

"సాయంత్రం చెప్పేస్తావా?" అని అడిగింది.

చెప్తే ఏడేళ్ళ పని నీళ్ళపాలు. ఆడపడుచు ఉద్యోగం ఊడుతుంది, ఆపైన ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు. మొగుడి పరువు పోతుంది. చెప్పకపోతే, పిచ్చుక వంచిన గీతని పట్టుకుని ఇదిగో సృష్టి నియమం అని లోకానికి చూపించాలి, ఆ కాగితం మీద మొదటి పేరు తనదే. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది ఎలా ఉంటుందో వదినకి ఈ వయసులో తెలిసొచ్చింది. లేచి నాలుగడుగులు నడుద్దామన్నా నడవకూడదు. కిటికీ తీసి గాలి పీలుద్దామన్నా అది తీసే కిటికీ కాదు. తన పరమాణువుని బోనులో పెట్టి ఇన్నాళ్ళూ అది హాయిగా ఉందనుకుంది, కదలకుండా ఉండటమే హాయి అన్నట్టు.

ఊపిరి తిప్పుకుని, గోడకున్న మైకు మీట నొక్కింది.

"ఏమండీ."

"ఊఁ," అంది స్పీకరు. లెక్కలాయన పలికే మాటల్లో సగం ఊఁలే.

"మీ చెల్లెలు మూడేళ్ళ కిందట హాయిగా పడుకుందిట."

వదిన మీట ఇంకా గట్టిగా నొక్కింది.

"వినపడుతోందా? పదిహేడుట. మా ఇద్దరిలో ల్యాబుకి ఎవరు మిగలాలో మీరే తేల్చేశారన్నమాట. నాకు చెప్పకపోతే పోయె, చెప్పలేదని నేను పదిమంది దగ్గరా గొప్పగా చెప్పుకోకుండా అయినా ఆపలేకపోయారా?"

చప్పుడు లేదు. ఎదురుగా నల్లటి తెర. లోకంలో ఏ ఇల్లాలైనా మొగుడితో పోట్లాడగలదు గానీ తెరతో పోట్లాడలేదు. ఆయన తల దించుకున్నాడో, గోడ చూస్తున్నాడో, అసలు వింటున్నాడో లేదో తెలియకుండా కోపం ఎటు విసరాలి? వదిన లేచి, ఒక్క విసురుతో తెర పక్కకి లాగేసింది.

అద్దం అవతల లెక్కలాయన నిలబడే ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. మైకు దగ్గరికి వంగాడు.

"పదిహేడు కాదు," అన్నాడు.

"ఏమిటీ?"

"దాని ఏడుపు చూడలేకపోయాను. నిజం చెప్పకూడదు. ఏదో ఒకటి చెబితే పడుకుంటుందనుకున్నాను. నోటికొచ్చిన అంకె చెప్పాను. గంత పదిహేడు కాదు. ఎప్పుడూ కాదు."

వదిన గుండె మీదనుంచి బండరాయి దొర్లిపోయింది. చెప్పలేదు! ఈయన ఎవరికీ చెప్పలేదు! పిచ్చిదానిలా నవ్వొచ్చింది. ఆ సంబరం ఎంతసేపంటే, ఒక గుక్క నీళ్ళు తాగినంతసేపు. ఎందుకంటే ఆ వెంటనే పక్కనుంచి పిచ్చుక గొంతు వినిపించింది. అది కిచకిచలా లేదు.

"అబద్ధం చెప్పావా అన్నయ్యా? నాకు?"

లెక్కలాయన కళ్ళు దించుకున్నాడు.

"మూడేళ్ళు! పదిహేడు, పదిహేడు అని జపం చేశాను. గడియారం పదిహేడు దాటితే నా ఒంట్లో జ్వరం వచ్చినట్టుండేది. దాన్ని లాక్కొచ్చి లాక్కొచ్చి అక్కడ కట్టేశాను. అక్కడ ఏమీ లేదా? ఒట్టి గాలా?" మైకు మీట నొక్కాలన్న సంగతి కూడా మర్చిపోయి అరిచింది. అయినా అద్దం అవతల ఆయనకి అంతా అర్థమైనట్టే ఉంది.

వదినకి ఇప్పుడు రెండో గొయ్యి కనిపించింది, మొదటిదానికన్నా లోతైనది. గంత పదిహేడు కాదు. గీత మాత్రం పదిహేడు మీద ఉంది. సాయంత్రం గంత విప్పితే మిగిలేది సున్నా కాదు. ప్రకృతి మారుతోందని లోకమంతా అనుకుంటుంది. మారింది ప్రకృతి కాదు, ఒక పిల్ల నిద్ర కోసం వంచుకున్న గీత. పెద్దసారు ఈ మార్పు కోసమే జన్మంతా ఎదురుచూశాడు. రిటైరయ్యేలోగా ఒక్కసారి సున్నా కానిది చూపించండమ్మా అని సరదాగా అంటూ ఉండేవాడు. ఆయన కళ్ళకద్దుకుని తీసుకుంటాడు, ప్రశ్న కూడా వేయడు.

"పిచ్చుకా, ఏడుపు తర్వాత," అంది. "కొట్టేసిన రోజులన్నీ కంప్యూటరులో ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. తీసెయ్యడమంటే పక్కన పెట్టడమే."

"మూడేళ్ళవీ వెనక్కి పెట్టెయ్. ఏసీలు, లిఫ్టులు, దుమ్ము, అన్నీ. మంచీ చెడ్డా ఏరకు. అప్పుడు గీత ఎక్కడుంటుందో చూద్దాం. సాయంత్రం ఏం చెప్పాల్సి వచ్చినా, వంచని గీత ఒకటి చేతిలో ఉండాలి."

పిచ్చుక జాకెట్టు చేతికి కళ్ళు తుడుచుకుని కీబోర్డు ముందు కూర్చుంది. పని దొరికితే ఆ మనిషి వేరే. వేళ్ళు చకచకా కదిలాయి. గ్రాఫు మానిటరు మీద పక్కన పెట్టిన చుక్కలు ఒక్కొక్కటే తిరిగి వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి, పెళ్ళికి పిలవని చుట్టాల్లా, కొంచెం దూరంగా, కొంచెం మొహమాటంగా. చివరిది కూడా వచ్చాక పిచ్చుక మీట నొక్కింది. పదిహేడు దగ్గర పడుకుని ఉన్న గీత లేచింది. ఇరవై దాటింది. ఇంకొంచెం పైకి పోయి ఆగింది.

"ఇరవై మూడు," అంది పిచ్చుక. "ఇరవై మూడు ఇంచుమించుగా. వదినా, ఇందులో గంత ఎంతో, అసలు ఎంతో..."

"మనకి తెలియదు. తెలియకపోవడమే మంచిది," అంది వదిన. మళ్ళీ ఇప్పుడు తన గీత తనకి నిజంగా తెలియనిదిగా కనిపించి, ఎందుకో ధైర్యం వచ్చింది. అప్పుడు తలెత్తింది.

అద్దం అవతల లెక్కలాయన ఆమెని చూడటం లేదు. ఆమె భుజం మీదుగా గ్రాఫునే చూస్తున్నాడు.

తెర తీసి ఉంది. తనే తీసింది. పోట్లాట ధ్యాసలో మళ్ళీ వెయ్యలేదు. ఏడేళ్ళు ఆయన కారిడారులో ఈ గది దగ్గరికి వస్తే మొహం గోడకి తిప్పుకుని నడిచాడు. ఇంట్లో భోజనాల దగ్గర తను గడియారం మాటెత్తితే కంచం పట్టుకుని వసారాలోకి పోయేవాడు. గంత కట్టినవాడు గీత చూడరాదు. ఇప్పుడు చూశాడు. లోకంలో ఆ గీతలోంచి ఆ అంకె తీసివేసి అసలు జవాబు తెలుసుకోగలిగిన మనిషి ఒక్కడే, ఆ మనిషి చూశాడు.

వదిన ఒక్క అంగలో వెళ్ళి తెర లాగింది. కానీ లాగేలోపు ఆయన మొహం ఆమె కళ్ళబడింది. ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన అలా చేయడం ఆమె రెండుసార్లే చూసింది. ఒకటి పెద్దపిల్ల పుట్టిన రోజు. రెండోది మామగారు పోయిన రోజు. ఏ రోజు మొహం ఇది? సున్నా వస్తే మనిషి అలా... సున్నా రాకపోతే... వదిన ఆ ఆలోచనని బలవంతంగా మధ్యలోనే తుంచేసింది. ఆలోచించడం కూడా తొంగిచూడటమే.

"అన్నయ్య చూశాడా?" అంది పిచ్చుక.

"మాట్లాడకు."

"మొహం ఎలా పెట్టాడు?"

"పిచ్చుకా, నీకు దండం పెడతాను, మాట్లాడకు!"

సరిగ్గా అప్పుడే స్పీకరు గరగరలాడింది. కుర్చీలు జరిపిన చప్పుడు, నలుగురైదుగురి మాటలు, వాటన్నిటి మీదా పెద్దసారు నవ్వు. పై ఊరి నుంచి వచ్చిన అతిథుల్ని వెంటబెట్టుకుని ముందే వచ్చేసినట్టున్నాడు. ఆయనకి ఓపిక ఎప్పుడూ లేదు.

"వదినగారూ! లోపల బతికే ఉన్నారా ఇద్దరూ?" అన్నాడు. "రన్ ఇంకో పావుగంట ఉందిట కదా. ఈలోగా ఆనవాయితీ కానిచ్చేద్దాం. మావాళ్ళకి కూడా చూపించినట్టుంటుంది."

ఆనవాయితీ అంటే ఇది. గంత విప్పే ముందు, గీత చూసిన ప్రతి మనిషినీ అందరి ముందూ ఒక ప్రశ్న అడుగుతారు. 'తెలియదు' అని జవాబు చెప్పాలి. అందరూ నవ్వి చప్పట్లు కొడతారు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఉండొచ్చని ఎవరూ అనుకోలేదు. చర్చి పెళ్ళిలో ఎవరికైనా అభ్యంతరమా అని అడిగినట్టు ఊరికే అడిగేవారు.

"పెద్దవారు మీరు, ముందు మీరే చెప్పాలి," అంది స్పీకరులోంచి పెద్దసారు గొంతు, నాటకం ఫక్కీలో. "వదినగారూ, గంత గట్టిగానే ఉందా? లోపల ఏముందో మీకేమైనా తెలుసా?"

వదిన పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక రెండు చేతులూ జోడించింది. మూడేళ్ళుగా ఒట్టి గాలికి కాపలా కాసిన చేతులు. తెలియదు అనే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. అందులో అబద్ధం కూడా సగమే. గంత ఎంతో తనకి నిజంగానే తెలియదు. ఆ సగం పట్టుకుని ఇంటికి వెళ్ళి, వండుకుని, తిని, పడుకోవచ్చు. హాయిగా. ఆ మాట గుర్తురాగానే వదినకి ఒళ్ళు మండింది.

మైకు మీట నొక్కింది.

"తెలుసు," అంది.

అవతల ఒకరిద్దరు చప్పట్లు మొదలెట్టి, మధ్యలో ఆపేశారు.

"ఏమిటి వదినగారూ, హాస్యమా?"

"కాదు సార్. గంత జారింది. ఎంతో తెలియదు గానీ, జారిన సంగతి నాకు తెలుసు."

పెద్దసారు మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు. "ఎవరు చెప్పారు మీకు?"

ఇక్కడ మాత్రం వదిన చిక్కుకుపోయింది. ఏ పేరు చెప్పినా తన ఇంటి పేరే. నిజం చెప్పేస్తే ఈ గదిలోంచి బయటపడొచ్చు అనుకుంది ఒక్క క్షణం కిందట. నిజం అవతల ఇంకో గది ఉందని, దానికీ తలుపు లేదని ఇప్పుడు తెలిసింది. మీట మీద వేలు అలాగే ఉంది.

వెనకాల స్టూలు కిర్రుమంది.

"నువ్వు చెప్పకు వదినా," అంది పిచ్చుక. "తప్పు నాది. నా నోటితో నేనే చెప్పాలి, వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పాలి. ఈ గదిలో నాకు ఇక ఊపిరాడదు."

వదిన వెనక్కి తిరిగేసరికి పిచ్చుక తలుపు దగ్గర ఉంది. "ఆగు! రన్!" అన్న కేక వదిన నోట్లోంచి వచ్చేలోపే పిడి తిరిగింది. లోపలి తలుపు తెరుచుకుంది, ఆ వెంటనే బయటిది. కారిడారు చల్లగాలి గుప్పున వచ్చి మొహాన కొట్టింది. ఎర్రదీపం ఆరింది, లేజర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మానిటరు మీద ఎనిమిది నెలలుగా వెలుగుతున్న నీలి చుక్క మాయమైంది. చీకట్లో ఆ పరమాణువు ఇంకా బోనులోనే ఉందో, దారి దొరికిందని వెళ్ళిపోయిందో వదినకి తెలియలేదు.

తెరిచిన తలుపులోంచి ఆమెకి కంట్రోలు రూము గుమ్మం కనిపిస్తోంది. పెద్దసారు, ఆయన అతిథులు, అందరూ పిచ్చుక వైపే చూస్తున్నారు. పిచ్చుక నోరు తెరిచింది.

కానీ ముందు వినిపించిన గొంతు ఆమెది కాదు. ఇన్నేళ్ళలో ఇంట్లో గానీ ల్యాబులో గానీ ఎవరి మీదా గొంతెత్తని లెక్కలాయన, కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని, మనుషుల్ని తోసుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు.

"తలుపు వెయ్యండి!" అని అరిచాడు. "రన్ ఆపకండి! పిచ్చుకా, తలుపు వెయ్యవే! గంత తీసేసినా అది సున్నా కాదు!"